‘సాధ్యమైనంత మేరకు’ అంటే ఎంత?

2025 జూన్ 30న పాశమైలారంలోని సిగాచి పరిశ్రమలో సంభవించిన పేలుడు 50 మందికి పైగా శ్రామికులను బలిగొన్నది. 2016 జిల్లాల విభజన వరకు ఆ ఊరు, మన కౌడిపల్లి ఒకే మెదక్ జిల్లాలోనివి. ఆ ప్రమాదానికి బాధ్యులెవరో తేల్చవలసినది న్యాయస్థానం. మనం ఆలోచించవలసిన విషయం మరొకటి ఉన్నది.

భోపాల్ విషాదం దరిమిలా, 1948 నాటి ఫ్యాక్టరీల చట్టాన్ని 1987లో సవరించారు. శ్రామికుల ఆరోగ్యాన్ని, భద్రతను ‘సహేతుకంగా సాధ్యమైనంత మేరకు’ కాపాడటం యజమాని విధి అని అందులో చేర్చారు. ఈ మాటను ఒక యజమాని ప్రాణాన్ని ముందుంచుకొని చదివి, ఇంకేమి చేయగలనని వెదకుతాడు. మరొకడు ఖర్చును ముందుంచుకొని, ఇంతకు మించి సాధ్యం కాదంటాడు. శిక్షణ ఇచ్చినట్లు సంతకం తీసుకుంటే చాలునన్నది ఇతని భాష్యం. సంతకం చేసినవానికి ఆ కాగితంలోని భాష వచ్చునో రాదో అడగడు.

ఆజ్ఞ ఎందుకు వచ్చిందో విస్మరించి, అక్షరాన్ని మాత్రమే పట్టుకోవడం విధేయత కాదని మేము విద్యార్థులకు బోధిస్తుంటాము. పనిలో ఉన్నంతసేపు శ్రామికుని ప్రాణం యజమాని చేతిలో అమానత్. దానికి రిజిస్టరులోని సంతకం జవాబు కాజాలదు.

మీ ఇంటి బిడ్డ కర్మాగారానికి వెళుతుంటే అడగండి: అక్కడ వాడే రసాయనమేది? మంటలు లేస్తే బయటపడే ద్వారమేది? దానికి తాళం వేసి ఉంచడం లేదు కదా? అతనికి తెలియకపోతే యజమానిని అడగమనండి. 2025 నవంబరులో అమలులోకి వచ్చిన వృత్తి భద్రతా స్మృతి కూడా భద్రతా సమాచారం పొందే హక్కును శ్రామికునికి ఇచ్చింది.