బి.ఎస్సీ. చదివినవాడు ప్లగ్గు విప్పకూడదా?

మన ఫిజిక్సు పాఠంలో కార్నో ఇంజను ఒకటుంది. అది ఎన్నడూ మిస్ కొట్టదు. కారణం, అది ప్రపంచంలో ఎక్కడా లేదు గనుక! దాని సామర్థ్యానికి సూత్రం అడిగితే మన క్లాసులో చివరి బెంచీవాడు సైతం నిద్రలో కూడా చెబుతాడు. కాని అదే మిత్రుడి మోటారుసైకిలు కాలేజీ గేటు ముందు నాలుగు దగ్గులు దగ్గి ఆగిపోయిందనుకోండి, వెంటనే జేబులోంచి సెల్లు తీసి మెకానిక్కుకి కబురు పెడతాడు. ఆ వచ్చే మెకానిక్కు ఎవరు? ఎనిమిదో తరగతిలో చదువు మానేసిన కుర్రాడు. మూడేళ్ళు సైన్సు చదివినవాడు పక్కన నిలబడి చూస్తాడు, చదవనివాడు బాగుచేస్తాడు. ఈ చోద్యం మీద నాకు తోచిన నాలుగు మాటలు చెప్పాలనే ఈ వ్యాసం.

ఇందులో తప్పంతా విద్యార్థిది కాదు. మా ఇళ్ళలో పెద్దవాళ్ళు పట్టుమని పది నిమిషాలు మమ్మల్ని ఇంజను దగ్గర కూర్చోనివ్వరు. "చదువుకునేవాడివి, నీకెందుకురా ఈ మసి పని" అంటారు. ప్రేమతోనే అంటారు. తాము పడ్డ కష్టం బిడ్డలు పడకూడదని. కాని ఆ ప్రేమలోనే ఒక అబద్ధం కూడా దాగివుంది: చేతికి మసి అంటుకుంటే చదువు తగ్గిపోతుందని. ఇక ఆడపిల్లల సంగతి చెప్పనే అక్కరలేదు. స్కూటరు నడపమంటారుగాని, దాని ప్లగ్గు ఎక్కడుంటుందో చూడమనరు.

అసలు మిస్సింగు అంటే ఏమిటి? నాలుగు స్ట్రోకుల ఇంజను రెండు చుట్లకు ఒకసారి మండుతుంది. నిమిషానికి 3000 చుట్లు తిరుగుతోందంటే ఒక సిలిండరులో నిమిషానికి 1500 సార్లు, అంటే సెకనుకు 25 సార్లు, నిప్పు అంటుకోవాలి. పదింటిలో ఒకటి తప్పినా సెకనుకు రెండు మూడు కుదుపులు. ఆ కుదుపే మిస్సింగు. మండటానికి కావలసినవి మూడు: తగిన పాళ్ళలో గాలి, పెట్రోలు (బరువు లెక్కన ఒక పాలు పెట్రోలుకు సుమారు 14.7 పాళ్ళు గాలి); ఆ మిశ్రమాన్ని గట్టిగా నొక్కే కంప్రెషను; సరైన క్షణంలో నిప్పురవ్వ. ఈ మూడింటిలో ఏది తప్పిందో పట్టుకోవడమే మొత్తం విద్య. పట్టుకున్నాక బాగుచెయ్యడం చాలాసార్లు చిన్నపని.

పట్టుకోవడం ఎలా అన్నదగ్గరే మన చదువు పనికిరావాలి.

2021లో పల్నాడు మిరపచేలకు నల్ల తామర పురుగు పట్టిన సంగతి రైతు కుటుంబాల మిత్రులకు గుర్తుండే వుంటుంది. పూతలోకి దిగి కూర్చునేది. మందు కొట్టే పంపు ఆ రోజుల్లో ఒక్కరోజు ఆగినా గుండెలు ఆగినంత పనయ్యేది. సరిగ్గా అప్పుడే మా తైవాన్ పంపు మొరాయించింది. స్టార్టయ్యేది, చక్కగా ఒక పావుగంట నడిచేది, ఆ తర్వాత మిస్ కొట్టి కొట్టి ఆగేది. నాన్న పట్నంలో ఒక షెడ్డుకు తీసుకెళ్ళాడు. ప్లగ్గు మార్చారు. ఫలితం లేదు. కార్బొరేటరు మార్చారు. అక్కడ పది నిమిషాలు నడిపి చూపించారు, బాగానే నడిచింది! చేలోకి వచ్చాక మళ్ళీ పావుగంటకు అదే దగ్గు. వెయ్యి రూపాయల పైచిలుకు డబ్బు, రెండు రోజుల పని పోయాయి. చివరికి మా పెదనాన్న వచ్చాడు. ఆయన అయిదో తరగతి దాటలేదు. పంపును ముట్టుకోలేదు. "ఎంతసేపు నడిచాక మొదలవుద్దిరా?" అని అడిగాడు. చెప్పాం. "ఆగినాక ఎంతసేపటికి మళ్ళీ లేస్తది?" అని అడిగాడు. అదీ చెప్పాం. లేచి ట్యాంకు మూత వదులు చేశాడు. లోపలికి గాలి పీల్చుకున్న చప్పుడు అందరికీ వినిపించింది. మూతకున్న సన్నని గాలి రంధ్రం మందుపొడితో పూడిపోయివుంది. పెట్రోలు దిగేకొద్దీ ట్యాంకులో గాలి ఒత్తిడి తగ్గి, బయటి ఒత్తిడి ముందు పెట్రోలు కదలలేక నిలిచిపోతోంది. కాసేపు ఆగితే ఎక్కడినుంచో కాస్త గాలి దూరి మళ్ళీ నడిచేది. సన్నని తీగతో పొడిచాడు. అంతే, సాయంత్రానికి ఎకరం మందు పడింది.

వాతావరణ పీడనం మనం ఎనిమిదో తరగతిలోనే చదివాం. పెదనాన్న దాన్ని ఆ పేరుతో ఎరగడు. కాని 'ఎప్పుడు?' అన్న ప్రశ్న ఆయనకు తెలుసు. షెడ్డువాళ్ళకు తెలియక కాదు. వాళ్ళను పూర్తిగా తప్పుపట్టడం కూడా న్యాయం కాదు. మనమంతా సామాను మార్చినందుకు డబ్బిస్తాంగాని, ఆలోచించినందుకు ఇస్తామా? "ఏమీ మార్చలేదుగా, దేనికయ్యా వంద?" అని బేరమాడతాం. అందుకని ఆయన కూడా సామానే మారుస్తాడు.

కనుక మిస్సింగు వచ్చినప్పుడు స్పానరు పట్టేముందు అడగవలసినవి కొన్ని ఉన్నాయి. చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా? ఐడిలింగులోనా, ఎత్తు ఎక్కేటప్పుడా? వాన పడ్డాకా, బండి కడిగాకా, కొత్తగా పెట్రోలు పోయించాకా? సగం జవాబు ఇక్కడే దొరుకుతుంది. ఆ తర్వాత చవకైనది ముందు, ఖరీదైనది చివర. అన్నిటికన్నా ముఖ్యం, ఒకసారి ఒక్కటే మార్చాలి. ప్లగ్గు, క్యాపు, ఫిల్టరు మూడూ కలిపి మార్చేసి బండి బాగుపడితే ఏది చెడిందో ఎవరు చెప్పగలరు? ప్రాక్టికల్సులో ఒక రాశిని మార్చి మిగతావి స్థిరంగా ఉంచమని మన మాస్టార్లు చెప్పేది ఇదే కదా!

ఇంజను చల్లారాక ప్లగ్గు విప్పి చూస్తే అది జాతకచక్రంలాంటిది. లేత కాఫీ రంగులో ఉంటే లోపల మంట సవ్యంగా ఉందన్నమాట. పొడి మసి పట్టివుంటే పెట్రోలు ఎక్కువ, గాలి తక్కువ: చోకు ఇరుక్కుందేమో, గాలి ఫిల్టరు దుమ్ముతో నిండిందేమో చూడాలి. నూనె జిడ్డుతో నల్లగా ఉంటే నాలుగు స్ట్రోకుల బండిలో రింగులనో వాల్వుల దగ్గరి సీళ్ళనో అనుమానించాలి. పంపులాంటి రెండు స్ట్రోకుల ఇంజనులో ముందు ఆయిలు ఎక్కువ కలిపారేమో అడగాలి. తెల్లగా కాలివుంటే మిశ్రమం పలచనైంది, లేదా వేడి మితిమీరింది. చాలా చిన్న బండ్లకు ప్లగ్గు మొనల మధ్య ఎడం 0.6 నుంచి 0.9 మిల్లీమీటర్ల లోపు ఉంటుంది. కచ్చితమైన కొలత బండితో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. ఆ పుస్తకం మనం ఎన్నడూ తెరవం, అది వేరే విషయం. మళ్ళీ బిగించేటప్పుడు ముందు చేత్తో మర తిప్పాలి. హెడ్డు అల్యూమినియంది, వంకరగా దూర్చి స్పానరుతో తొక్కితే మర పోతుంది.

ఇక్కడ ఒక తమాషా ఉంది. ప్లగ్గు బయట పెట్టి కిక్కు కొడితే నిప్పు కనబడుతుంది. "నిప్పు బ్రహ్మాండంగా ఉంది, తప్పు ఇంకెక్కడో" అంటారు. అది అసంపూర్ణమైన సాక్ష్యం. 1889లో పాషెన్ అనే జర్మను శాస్త్రవేత్త చూపినదాని ప్రకారం నిప్పురవ్వ దూకడానికి కావలసిన వోల్టేజి వాయుపీడనం మీదా, ఎడం మీదా ఆధారపడుతుంది. బయట ఒక్క వాతావరణ పీడనంలో దూకిన రవ్వ, లోపల దానికి ఎన్నో రెట్లు నొక్కిన మిశ్రమంలో దూకలేకపోవచ్చు. థ్రాటిల్ పూర్తిగా తిప్పి ఎత్తు ఎక్కుతున్నప్పుడు పీడనం ఇంకా పెరుగుతుంది. కనుక ఐడిలింగులో బుద్ధిగా ఉండి బరువు మీద మిస్ కొట్టే బండికి ప్లగ్గు, క్యాపు, వైరు, కాయిలు తప్పక చూడాలి. (పెట్రోలు చాలకపోయినా ఇలాగే ఉంటుంది, ప్లగ్గు రంగు అప్పుడు కొంత సాయం చేస్తుంది.) క్యాపుకో వైరుకో పగులుంటే రాత్రి చీకట్లో ఇంజను నడుపుతూ చూడండి, నీలిరంగు మెరుపులు అడ్డదారిన ఇంజను లోహం మీదికి దూకుతూ కనిపిస్తాయి. చూడటమే, ముట్టుకోరాదు. బయట నిప్పు పరీక్ష చేసేటప్పుడు ప్లగ్గు లోహం ఇంజనుకు ఆనించి, విప్పిన రంధ్రానికి దూరంగా ఉంచాలి. ఆ రంధ్రంలోంచి పెట్రోలు ఆవిరి వస్తుంది.

పెట్రోలు సంగతి కెమిస్ట్రీ మిత్రులది. 2023 ఫిబ్రవరిలో మన దేశంలో 20 శాతం ఇథనాలు కలిపిన పెట్రోలు అమ్మకం మొదలైంది. ఇథనాలుకు నీళ్ళంటే ప్రాణం. కొద్ది నీటిని కలుపుకుంటుంది. హద్దు మీరితే నీళ్ళు, ఇథనాలు కలిసి పెట్రోలును వదిలి అడుగుకు చేరతాయి. ట్యాంకు గొట్టం ఉండేది అడుగునే గనుక ముందు ఆ నీళ్ళే కార్బొరేటరుకు అందుతాయి. వానలో నానిన బండి పొద్దున్నే మిస్ కొడితే కార్బొరేటరు అడుగు స్క్రూ వదులు చేసి గాజుసీసాలోకి పట్టి చూస్తే చాలు, కింద పొర కనిపిస్తుంది. 100 మిల్లీలీటర్ల కొలజాడీలో 10 మిల్లీలీటర్ల నీళ్ళు, పైన నిండా పెట్రోలు పోసి కలిపి నిలవనిస్తే, కింది పొర 25 మిల్లీలీటర్ల చుట్టుపక్కలకు పెరుగుతుంది. పెరిగినదంతా ఇథనాలే. ఇంతకన్నా మంచి ప్రాక్టికల్ ఏముంది? దీపాలూ బర్నర్లూ లేనిచోట చెయ్యాలి సుమా.

"ఇవన్నీ పాత బండ్ల కబుర్లు, 2020 ఏప్రిల్ నుంచి బి.ఎస్.-6 వచ్చింది, అన్నీ కంప్యూటర్లే" అని కొందరు మిత్రులు కొట్టిపారేస్తారు. నిజమే, కొత్త బండ్లలో చాలావాటికి కార్బొరేటరు పోయి ఇంజెక్టరు వచ్చింది. మిస్సింగును పట్టించుకోకుండా నడిపితే మండని పెట్రోలు సైలెన్సరులోని కేటలిటిక్ కన్వర్టరులో మండి దాన్ని పాడుచేస్తుంది గనుక ఖర్చూ పెరిగింది. కాని కంప్యూటరు కూడా చెప్పేది సగమే. కారులో 'పి0301' అనే కోడు వస్తే మొదటి సిలిండరు మిస్ కొడుతోందని అర్థం. ఎందుకో చెప్పదు. సిలిండరుకో కాయిలు ఉన్న ఇంజను అయితే ఒకటో కాయిలును రెండోదానితో మార్చి పెట్టి చూడాలి. కోడు 'పి0302'కు మారితే దొంగ కాయిలే. మారకపోతే ప్లగ్గు, ఆ పైన ఇంజెక్టరు. పెదనాన్న ప్రశ్నకూ దీనికీ తేడా ఏముంది?

అసలు చిక్కు కంప్యూటరు కాదు, దాని తాళంచెవి ఎవరి చేతిలో ఉందన్నది. విడిభాగాలు, తప్పు పట్టే పరికరాలు బయటి షెడ్లకు దొరకనివ్వడం లేదని 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు జరిమానా వేసింది. కొన్ని కంపెనీలు అప్పీళ్ళకు వెళ్ళాయి. 2022 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం బాగుచేసుకునే హక్కు పేరుతో ఒక పోర్టల్ తెరిచింది. మంచిదే. కాని బాగుచేసుకోవడం రానివాడికి ఆ హక్కు ఇచ్చి ఏం లాభం? చేతకానివాళ్ళం ఎంతమందిమి ఉంటే తాళం వేసేవాడికి అంత సుఖం.

అందుచేత మన విద్యార్థి సంఘానికి నాదొక కోరిక. ఈసారి వార్షికోత్సవానికి పెట్టే మైకుసెట్టు ఖర్చులో కొంత తగ్గించి, తుక్కు బజారులో ఒక పాత 100 సీసీ ఇంజను కొనండి. ఫిజిక్సు ల్యాబు వరండాలో ఒక ఇనుప స్టాండు మీద బిగిద్దాం. ఒక బ్యాచి రహస్యంగా ఒక్క తప్పు చెయ్యాలి: ప్లగ్గు ఎడం పెంచడమో, ఫిల్టరుకు గుడ్డ అడ్డం పెట్టడమో, ట్యాంకు మూత రంధ్రం మూయడమో. రెండో బ్యాచి అరగంటలో పట్టుకోవాలి. ఏది ఎందుకు అనుమానించారో వరుసగా రికార్డులో రాయాలి. మార్కులు దొరికినదానికి కాదు, ఆ వరుసకు వెయ్యాలి. ఎక్స్‌టర్నల్‌గా మన గేటు ఎదుటి షెడ్డు కుర్రాణ్ణి పిలిస్తే నాకేమీ అభ్యంతరం లేదు, మాస్టార్లకు ఉండకపోతే. స్టాండుకు ఇనుము, వెల్డింగు ఖర్చు మా హాస్టలు మిత్రులు నలుగురం పెట్టుకుంటాం. పెట్రోలు డబ్బా మాత్రం ల్యాబులో కాదు, బయట సైకిలు స్టాండు వైపు నీడలో ఉంచుదాం.