పథ్యము చెప్పువాడెవడు?

అండమాను దీవుల ముఖ్యపట్టణమునకు 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురమని పేరు మారినది. అంతకు ముందు అది పోర్ట్ బ్లెయర్. ఆ పట్టణములో షాదీపూర్ అను పేట ఒకటి కలదు. హిందీలో షాదీ అనగా పెండ్లి. ద్వీపాంతర శిక్షకు వచ్చిన స్త్రీపురుషులు, సత్ప్రవర్తన గలవారని అధికారులు ఒప్పుకొనిన పిమ్మట, పెండ్లాడి కాపురములు పెట్టుకొనిన చోటు గనుక ఆ పేరు వచ్చినదని చెప్పుదురు. అట్టి దంపతుల ప్రాంతములు వేరు, కులములు వేరు, తల్లి నేర్పిన మాటలు వేరు. ఇంట ఇద్దరికిని అర్థమగు భాష హిందుస్తానీ మాత్రమే. నేటికిని ఆ ఊరి వీధిభాష హిందీయే.

ఆ దీవులలో తెలుగువారు కొద్దిమంది కారు. 2011 జనాభా లెక్కలలో నూటికి పదుముగ్గురు తెలుగును మాతృభాషగా వ్రాయించుకొనిరి. శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతముల నుండి చేపల వేటకును కూలిపనికిని రెండు మూడు రోజులు ఓడలో ప్రయాణము చేసి వెళ్ళినవారును వారి సంతతివారును అందు పెక్కుమంది. అట్టి ఇంటిలో అరువదియైదేండ్ల వృద్ధుని ఒకనిని ఊహించుకొందము. ఆయనకు రక్తపోటు ఉన్నదని తేలినది. ఆసుపత్రిలో వైద్యుడు మంచివాడే, కాని వెనుక ఏబదిమంది నిలిచియున్నారు. నమక్ కమ్ కీజియే, పరహేజ్ రఖియే అని రెండు ముక్కలు చెప్పి, చీటి వ్రాసి పంపివేసెను. సాయంకాలము మనుమని ఫోనులో మరియొక గొంతు వినబడినది. అది అచ్చమైన తెలుగు. "పెద్దయ్యా, మీ కాళ్ళు తిమ్మిరెక్కుచున్నవా? రాత్రి నిదుర పట్టుటలేదా?" అని తీరికగా అడిగినది. కారణము చెప్పినది. నలుబది దినములు ఈ కషాయము త్రాగినచో మాత్రలతో పనిలేదని మాట ఇచ్చినది. ఈ వృద్ధుడు ఎవరిని నమ్మును?

ఫోనునే నమ్మునని అందరికిని తెలియును. అందుపై మన విద్యావంతులు పలుకు మాట ఒక్కటే: జనులు మూఢులు. ఇంతకంటె సోమరి సమాధానము మరియొకటి లేదు. తన బాధ వినినవానిని, తన భాషలో చెప్పినవానిని, చేయవలసిన పని ఇదియని దినముల లెక్కతో సహా తెలిపినవానిని మనుష్యుడు నమ్మును. అది మూఢత్వము కాదు. ఎల్లవేళల మనుష్యులు ఒకరినొకరు నమ్ముకొను పద్ధతియే అది. హైదరాబాదులో మృగశిరకార్తె నాడు ఉబ్బసరోగులు బ్రతికియున్న కొఱ్ఱమీను పిల్లను మందుతో సహా మ్రింగుటకు వేలకొలది బారులు తీరుదురు. దానివలన ఉబ్బసము కుదురునని రుజువు లేదు. కాని ఆ మందుకు వెల పుచ్చుకొనరు. నలుబదియైదు దినముల పథ్యము వివరముగా చెప్పుదురు. డబ్బు ఆశించనివాడు నిజమే చెప్పునని జనులు తలచుటలో తర్కదోషమున్నదేమో గాని, ఆ తలంపు వెనుక లోకానుభవము కూడ ఉన్నది. నిస్స్వార్థత ఒక్కటియే చాలదు, చెప్పిన మాటకు పరీక్ష కూడ కావలెనని వారికి తెలుగున నెమ్మదిగా విడమరచి చెప్పినవారెందరు?

డబ్బు ఆశించువారి సంగతి వేరు, అది పాతకథ. కాశీనాథుని నాగేశ్వరరావుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనము నెలకొల్పిరి. ఆ ఆదాయమే 1908లో ఆంధ్రపత్రికకు పాదు కట్టినది. డాక్టరు కె. ఎన్. కేసరిగారు మద్రాసులో లోధ్ర అను స్త్రీల మందు అమ్మిరి. 1928లో గృహలక్ష్మి పత్రిక స్థాపించిరి. ఈ ఇరువురికిని తెలుగు సాహిత్యము తీర్చుకొనలేని ఋణము పడియున్నది, కాదనువాడు కృతఘ్నుడు. అయినను ఒక మాట చెప్పక తప్పదు. ఆరోగ్యమును గూర్చి హితవు చెప్పు పుటయు, మందు అమ్ము పుటయు ఒకే చేతి నుండి వచ్చుట మనకు అప్పుడే అలవాటైనది. ఏది హితవో ఏది బేరమో విడదీసి చదువుట మన పాఠకునకు నేర్పినవారు లేరు. నాటి పుటలు నేడు తెరలైనవి, అంతే.

చట్టము లేకపోలేదు. మందులను, మంత్రచికిత్సలను గూర్చిన అభ్యంతరకర ప్రకటనలను నిషేధించు చట్టము 1954లోనే వచ్చినది. మధుమేహమును, రక్తపోటును కుదుర్చుదుమని ప్రకటించుట దానిననుసరించి నేరము. 1959లో సుప్రీంకోర్టు ఆ చట్టములోని కొన్ని భాగములను కొట్టివేసినను, ఇట్టి మందుల వ్యాపారప్రకటన వాక్స్వాతంత్ర్యపు గొడుగు క్రిందికి రాదని తీర్పు చెప్పినది. 2024లో పతంజలి ఆయుర్వేద సంస్థవారు అదే న్యాయస్థానమునకు క్షమాపణ చెప్పి, పత్రికలలో కూడ క్షమాపణలు అచ్చువేయించవలసి వచ్చినది. చట్టము వచ్చి డెబ్బదియేండ్లు కావచ్చిన పిమ్మట! పెద్ద సంస్థ గనుక న్యాయస్థానమునకు దొరకినది. ఊరు పేరు లేని ఫోను గొంతును పట్టుకొనుటకు ఎవరు పోవుదురు?

ఇక పండితులను గ్రుడ్డిగా నమ్ముదమా? 1967లో హార్వర్డు విద్వాంసులు ఒక ప్రసిద్ధ వైద్యపత్రికలో గుండెజబ్బును గూర్చి వ్రాయుచు, నేరము కొవ్వుపై మోపి చక్కెరను తేలికగా వదలిరి. ఆ వ్రాతకు చక్కెర వ్యాపారుల సంఘము సొమ్ము చెల్లించినదని 2016లో బయటపడినది. కనుక ఇంగ్లీషులో వ్రాసినదెల్ల సత్యమనుటయు, తెలుగున చెప్పినదెల్ల బూటకమనుటయు రెండును సరికావు.

నమ్మదగిన హితవుకు గుర్తు ఎక్కడ దొరకును? ఒకచోట స్పష్టముగ దొరకును. గాంధీగారు దక్షిణాఫ్రికాలో ఉన్నప్పుడు 1913లో గుజరాతీలో ఆరోగ్యవ్యాసములు వ్రాసి, పాలు మానుడని చెప్పిరి, తాము మానిరి. 1918లో జిగట విరేచనములతో మరణమును సమీపించి, తుదకు మేకపాలు పుచ్చుకొనిరి. పిమ్మట, నా మాట నమ్మి పాలు విడిచినవారు ఆ పట్టు వదలుకొనుడని ఆత్మకథలో బహిరంగముగ వ్రాసిరి. 1942లో ఆగాఖాన్ భవనమున ఖైదీగా ఉండి వ్రాసిన ఆరోగ్యగ్రంథములో, శాకాహారికి పాలు అవసరమనియే చెప్పిరి. 1909లో పాశ్చాత్యవైద్యమును ఘాటుగా ఖండించినవారే 1924లో పూనా ఆసుపత్రిలో ఇంగ్లీషు వైద్యుని కత్తికి లోబడి శస్త్రచికిత్స చేయించుకొనిరి. ఆయన ఆహారసిద్ధాంతములన్నియు నేడు నిలువవు. కాని తన పేరు పెట్టి చెప్పి, తన దేహముపై చూచుకొని, తప్పినప్పుడు తప్పితినని అందరు విన చెప్పినవాడు ఆయన. కషాయపు గొంతు తప్పితినని ఎన్నడైన చెప్పినదా?

తెలుగునాట అట్టి హితవు లేదనరాదు. విజయవాడ డాక్టరు సమరంగారు ఏండ్ల తరబడి వారపత్రికలో పాఠకుల ప్రశ్నలకు, పెద్దలు సిగ్గుపడి దాటవేయు ప్రశ్నలకు సైతము, ఇంటిమాటలలో బదులు వ్రాసిరి. హైదరాబాదులోనే జాతీయ పోషకాహార సంస్థ ఉన్నది. 1918లో కూనూరులో బెరిబెరి రోగపరిశోధనకు ఒక చిన్న గదిలో పుట్టి, 1958లో హైదరాబాదు చేరినది. దానిని నడిపిన డాక్టరు సి. గోపాలన్‌గారు మన తిండిగింజలలో, ఆకుకూరలలో ఏ సారమెంత ఉన్నదో పట్టికలు కట్టిరి. 1918లో జన్మించి, నూరేండ్లు నిండిన పిమ్మట 2019లో మరణించిరి. నూరేండ్ల రహస్యమని ఆయన ఏ సీసాయు అమ్మలేదు.

ఆ సంస్థ 2024 మే నెలలో 17 ఆహారసూత్రములను ఇంగ్లీషులో వెలువరించినది. దేశములోని రోగభారములో నూటికి 56 పాళ్ళకు పైగా సరిలేని ఆహారమువలననే అని దాని అంచనా. ఉప్పు దినమునకు 5 గ్రాములు మించరాదు, కూరలు, పప్పులు పెరుగవలెను, శరీరశ్రమ ఉండవలెను, కండపుష్టికని అమ్ము పొడులు అక్కరలేదు. ఇందు అమ్ముడుపోవునది ఏదియు లేదు గనుకనే దీనికి చాటింపు వేయువాడు లేడు.

షాదీపూర్ వృద్ధుని వద్దకు మరల వత్తము. ఆయనకు సోడియం తగ్గించుమనిన తెలియదు. నమక్ కమ్ అనిన కూరలో చిటికెడు తగ్గించును. కాని ఆయన ఉప్పు కూరలో లేదు. గంజన్నములో నంజుకొను ఉప్పుచేపలో ఉన్నది, ఆవకాయలో ఉన్నది. ఆ మాట ఆయనకు ఎవరును చెప్పలేదు. హిందీ పరహేజ్‌లో మానుట మాత్రమే ఉన్నది. మన పథ్యము మొదట తినదగినది, మానవలసినది తరువాత. వైద్యుడు మానుమనినప్పుడు వృద్ధుని చేయి ఖాళీ అయినది. కషాయపు గొంతు ఆ చేతిలో ఒక గిన్నె పెట్టినది. ఇది అనువాదమునకు సంబంధించిన చిక్కు, వైద్యమునకు సంబంధించినది కాదు. నిఘంటువు చూచి నమక్‌ను ఉప్పనుటతో తీరునది కాదు. ఆ ఇంటి వంటగది తెలిసినవాడు, ఉప్పుచేప ఎన్ని దినములకొకసారి, ఎన్ని నీళ్ళు మార్చి కడిగి, దాని బదులు పచ్చిచేప పులుసు ఎట్లని వ్రాయవలెను. అడుగున వ్రాసినవాని పేరు, చూచి సరియనిన వైద్యుని పేరు, అచ్చువేసిన సంవత్సరము ఉండవలెను. రెండేండ్లకొకసారి తప్పులు దిద్దవలెను.

మనవారు కావ్యములు అనువదింతురు, నవలలు అనువదింతురు. ఇట్టి నాలుగు పుటలు అనువదించుట తమ స్థాయికి తగదనుకొందురు. అది కాగితములు నింపు గుమాస్తాపని అని పెదవి విరుతురు. వారు విడిచిన ఆ నాలుగు పుటలను కషాయపు వర్తకుడు చక్కని తెలుగున, ఏ వ్యాకరణదోషమును లేకుండ, ప్రతి రాత్రియు వ్రాయుచున్నాడు. షాదీపూర్‌లో మనుమనికి తెలుగు చదువ రాదు. ఆసుపత్రి చీటిలోని హిందీని తాతకు నోటితో తెలుగు చేసి చెప్పును. పరహేజ్ అనుచోట ఆగి, ఒక క్షణము ఆలోచించి, "అన్నీ మానేయమన్నారు తాతా" అనును.