ఒక ఊపిరితిత్తికి సెలవు!

ఆపరేషన్‌ ముందురోజు మత్తు డాక్టరు వచ్చి 'నోరు బాగా తెరవండి' అంటారు. ఛాతీకి కీహోల్‌ సర్జరీ అయితే ఆ మాటకి విలువెక్కువ.

ఊపిరితిత్తి ఉబ్బుతూ తగ్గుతూ ఉంటే కెమెరాకి ఏమీ కనిపించదు. అందుకే ఆపరేషన్‌ చేసేవైపు గాలి ఆపేస్తారు. మనిషి రెండోదానితోనే నెట్టుకురావాలి! ఇందుకు వాడేదే రెండు దారుల గొట్టం. 1949లో స్వీడన్‌ వైద్యుడు కార్లెన్స్‌ దీన్ని ఒక్కో ఊపిరితిత్తి పనితీరు విడిగా కొలవడానికి తెచ్చాడు. ఏడాదికే థియేటర్లోకి వచ్చేసింది.

కొస ఎడమకి తిరిగిన గొట్టానికే గిరాకీ. కుడి శ్వాసనాళం సుమారు 2 సెంటీమీటర్లకే ఊపిరితిత్తి పైభాగానికి కొమ్మ వేస్తుంది. గొట్టం కాస్త జరిగినా ఆ దారి మూతపడుతుంది. ఎడమన 5 సెంటీమీటర్ల దాకా జాగా ఉంటుంది. అయినా రోగిని పక్కకి తిప్పాక బ్రాంకోస్కోప్‌తో మళ్లీ చూస్తారు.

చిక్కల్లా ఈ గొట్టం లావే. పెద్దవాళ్లకి 35 నుంచి 41 సైజులు వాడతారు. 39 అంటే 13 మిల్లీమీటర్లు, ఇంచుమించు చిటికెనవేలంత! మెలకువ వచ్చాక గొంతు నొప్పి, బొంగురు మామూలే. నోరు సరిగా తెరుచుకోనివాళ్లకి అసలు దిగకపోవచ్చు. అప్పుడు మామూలు గొట్టమే వేసి, అందులోంచి బుల్లి బెలూన్‌ ఉన్న బ్లాకర్‌ని పంపి ఒకవైపు దారి మూస్తారు. కదిలే పన్ను ఉన్నా, ఇదివరకు గొట్టం వేయడం కష్టమైందని ఎవరైనా చెప్పినా ఆ ముందురోజే చెప్పేయండి.