డాక్టరు వద్దంటే?
భివండి పద్మానగర్‌లో సాంచాల చప్పుడు మధ్య కాపురముండే తెలుగు ఇల్లాలికి గర్భం వద్దనుకుంటే ప్రతి వారమూ లెక్కే. 2021లో సవరించిన గర్భస్రావ చట్టం ప్రకారం 20 వారాల వరకు ఒక్క డాక్టరు అభిప్రాయం చాలు. మేజరైతే సంతకం ఆమెదే. అయినా ‘మీ ఆయన్ని తీసుకురా’ అని తిప్పిపంపేవాళ్లున్నారు. అది మనస్సాక్షి కాదు, పెత్తనం. ఇలాంటి అదనపు షరతులు కూడదని 2022 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టే చెప్పింది.

నిజంగా మనసొప్పని డాక్టరుకు బ్రిటన్ 1967 చట్టం మినహాయింపునిచ్చింది, తల్లి ప్రాణం మీదికొస్తే మాత్రం లేదు. మన చట్టంలో ఆ ఊసే లేదు. ఒక డాక్టరు కాదంటే మరొకరి కోసం థానే నగరం దాకా తిరగడమంటే ఒక రోజు కూలి పోయినట్టే. చేయనన్న డాక్టరు అదే రోజు చేసేవారి దగ్గరకు చీటీ రాసివ్వాలి. ప్రభుత్వం ఆ నిబంధన తేవాలి.