కాలేయం ఎవరివ్వాలి? అందరి చూపూ ఆమె వైపే!

"పెళ్లానివి నువ్వుండగా ఇంకెవరిస్తారమ్మా?"

మా పిన్ని కూతురితో వాళ్ల అత్తగారన్న మాట ఇది. కోపంగా అనలేదు. చాలా మామూలుగా, పాలు పొంగుతున్నాయి చూడమ్మా అన్నట్టుగా అన్నారట.

మా మరిదిగారికి కాలేయంలో కాన్సర్ అని తేలింది. హెపటైటిస్-బి ఎన్నేళ్లుగా ఒంట్లో ఉందో ఎవరికీ తెలీదు. కాలేయం అప్పటికే గట్టిపడిపోయింది, అందులో నాలుగు సెంటీమీటర్ల గడ్డ. "కాలేయ మార్పిడి చేస్తే మంచిది. ఇంట్లో ఇచ్చేవాళ్లున్నారా?" అని డాక్టరుగారు అడిగారు. ఆ గదిలో ఆయన తమ్ముళ్లిద్దరున్నారు, ఇద్దరిదీ అన్నగారి గ్రూపు రక్తమే. అయినా అందరి తలలూ మా చెల్లెలి వైపే తిరిగాయి. తమ్ముళ్లకి ఉద్యోగాలున్నాయిట, చిన్నపిల్లలున్నారట. మరి మా చెల్లెలికి లేనివేమిటో!

నేను వద్దనమని చెప్పడం లేదు. కట్టుకున్నవాడి ప్రాణం మీదికొస్తే ఏ ఆడదైనా ముందుకొస్తుంది. ఒకటి మాత్రం అడగాలనిపిస్తుంది. ఇచ్చేముందు ఆమెకి ఎవరైనా వివరంగా చెప్పారా?

ఉదాహరణకి, కాలేయ కాన్సర్ అనగానే మార్పిడి ఒక్కటే దారి కాదు. మిగతా కాలేయం ఆరోగ్యంగా ఉంటే గడ్డ ఉన్న భాగాన్ని కోసి తీసేయొచ్చు. మంచి కాలేయంలో మూడింట రెండొంతులు తీసేసినా మిగిలింది పెరిగి పని చూసుకుంటుంది. శరీరంలో ఇంకే అవయవానికీ ఈ విద్య లేదు. చిక్కల్లా ఎక్కడంటే, మన దగ్గర ఈ కాన్సర్ ఎక్కువగా అప్పటికే గట్టిపడిన కాలేయంలోనే వస్తుంది. అలాంటి కాలేయాన్ని ఎక్కువ కోస్తే మిగిలింది తట్టుకోలేదు. తట్టుకున్నా, అయిదేళ్లలో సగానికి పైగా మందికి మళ్లీ గడ్డ కనిపిస్తుంది. గడ్డ రెండు మూడు సెంటీమీటర్ల లోపే ఉంటే కోత కూడా లేకుండా సూది పంపి వేడితో కాల్చేసే పద్ధతి ఉంది. మార్పిడిలో అయితే గడ్డతోపాటు పాడైపోయిన కాలేయం కూడా పోతుంది.

అయితే మార్పిడి అందరికీ పనికిరాదు. 1996లో ఇటలీలోని మిలాన్ నగరం డాక్టర్లు దీనికో కొలత పెట్టారు. ఒకే గడ్డ అయితే అయిదు సెంటీమీటర్లు దాటకూడదు, మూడు వరకూ ఉంటే ఒక్కోటీ మూడు సెంటీమీటర్ల లోపుండాలి, రక్తనాళాల్లోకి పాకి ఉండకూడదు. ఆ కొలతలో ఉన్నవాళ్లకి మార్పిడి చేస్తే నాలుగేళ్ల తర్వాత నూటికి డెబ్బయి అయిదు మంది బతికున్నారు. ఆ తర్వాత కొలతల్ని కొంచెం సడలించిన ఆస్పత్రులున్నాయి గానీ మూలం అదే. కనుక "మా ఆయన గడ్డ ఆ కొలతలో ఉందా? కోసి తీయడం ఎందుకు కుదరదు?" అని అడిగే హక్కు ఇచ్చే మనిషికి ఉంది. జబ్బు అప్పటికే బయటికి పాకిపోయి ఉంటే ఆమె కడుపు కోయించుకున్నా ఫలితం దక్కదు.

ఇక ఇచ్చే మనిషి సంగతి. పెద్దవాళ్లకి సాధారణంగా కుడివైపు భాగం, అంటే ఇంచుమించు అరవై శాతం తీస్తారు. పిత్తాశయం కూడా పోతుంది. రెండు మూడు నెలల్లో కాలేయం చాలావరకు పెరుగుతుంది. కానీ వెయ్యిమంది దాతల్లో ఒకరి నుంచి అయిదుగురి దాకా ప్రాణం పోయే ప్రమాదముంది. తక్కువే, సున్నా మాత్రం కాదు.

1995 నుంచి 2021 వరకు మన దేశంలో జరిగిన 36,640 అవయవ మార్పిడుల్లో 29 వేలకు పైగా మగవాళ్లకీ, 6,945 మాత్రం ఆడవాళ్లకీ జరిగాయి. బతికుండి ఇచ్చిన ప్రతి అయిదుగురిలో నలుగురు ఆడవాళ్లే! కాలేయ కాన్సర్ మగవాళ్లకే ఎక్కువొస్తుంది, నిజమే, తాగుడు కూడా వాళ్లదే. పుచ్చుకునేవాళ్లలో తేడాకి అదో కారణం అనుకుందాం. ఇచ్చేవాళ్లలో అన్నదమ్ములూ కొడుకులూ ఏమైపోయారు? మన దేశంలో 1998లో మొదటిసారి ఓ పసివాడికి కాలేయ మార్పిడి విజయవంతమైనప్పుడు ఇచ్చింది కన్నతండ్రే మరి!

చట్టం చేసినవాళ్లకీ ఈ సంగతి తెలుసు. 2014 నిబంధనల్లో, దాత స్త్రీ అయితే మరింత జాగ్రత్త పడాలనీ, ఆమె సొంత ఇష్టాన్ని రోగి కాకుండా వేరే మనిషి ద్వారా నిర్ధారించుకోవాలనీ రాశారు. నాకైతే ఆ వేరే మనిషి అత్తగారో ఆడపడుచో కాకూడదనిపిస్తుంది. డాక్టరుతో ఆమె ఒంటరిగా మాట్లాడే పావుగంట కావాలి. ఇష్టం లేకపోతే "పరీక్షల్లో సరిపోలేదు" అని డాక్టరే ఇంట్లోవాళ్లకి చెప్పేస్తే ఆమె మీద మాట పడదు. అంతేకాదు, బ్రెయిన్ డెడ్ అయినవాళ్ల అవయవాల కోసం జీవన్‌దాన్‌లో పేరు నమోదు చేయించే వీలుంది. ఆ సంగతి మా చెల్లెలికి నేను చెప్పేదాకా ఎవరూ చెప్పలేదు.

అసలు ఇంతదాకా రాకుండా చూసుకోవచ్చు కూడా. హెపటైటిస్-బి టీకా 1997లో మన హైదరాబాద్‌లోనే చౌకగా తయారైంది. 2011 నుంచి దేశమంతా పిల్లలకి ఉచితంగా వేస్తున్నారు. పెద్దవాళ్లు ఒక్క రక్తపరీక్ష చేయించుకుంటే తెలిసిపోతుంది. కాలేయం గట్టిపడినవాళ్లు ఆరునెలలకోసారి స్కానింగ్ చేయించుకుంటే గడ్డ చిన్నగా ఉండగానే దొరుకుతుంది. కామెర్లకని పసరు మందుల చుట్టూ తిరిగి మా మరిదిగారు పోగొట్టుకున్నది ఆ వ్యవధే.

ఇంతకీ ఏమైందంటారా? పరీక్షల్లో మా చెల్లెలి కాలేయానికి కొవ్వు పట్టిందని, ఆమె పనికిరాదని తేలింది. వారం తిరక్కుండానే చిన్న మరిది ముందుకొచ్చాడు. ఉద్యోగానికి సెలవూ దొరికింది, పిల్లల్ని అమ్మమ్మగారింటికీ పంపారు. ఇప్పుడు అన్నదమ్ములిద్దరూ బాగున్నారు.

ఆపరేషనయ్యాక ఆ మరిదికి రెండు నెలలపాటు మంచం దగ్గరికే పళ్లెం వెళ్లింది. వెళ్లాల్సిందే, తప్పేం లేదు. "నువ్విచ్చుంటే ఎన్నోరోజుకి వంటింట్లోకి వెళ్లేదానివే?" అని మా చెల్లెల్ని అడిగాను. వేళ్లు మడిచి లెక్కపెట్టబోయి, నవ్వేసి, కాఫీ కలపడానికి లేచింది.