మిల్లు పోయింది, మగ్గం ఉంది

చరిత్ర చక్రం వెనక్కి తిరగదన్న మాట ఓరుగల్లులో విన్నంతగా మరెక్కడా వినలేదు. గోడల మీద రాశారు, సభల్లో చెప్పారు, మేమూ అచ్చేశాం. ఆ మాటను ఇప్పుడు మళ్లీ తూచి చూడాలనిపిస్తోంది.

ఏడో నిజాం తన పెద్దకొడుకు పేరున 1934లో ఇక్కడ ఆజంజాహి మిల్లు పెట్టించాడు. మిల్లు వచ్చింది గనక మగ్గం పోక తప్పదన్నది ఆ కాలపు తర్కం. వేలమందికి అన్నం పెట్టిన ఆ మిల్లే 2002 నాటికి మూతపడింది. దాని భూములు ప్లాట్లయ్యాయి. అదీ అభివృద్ధేనన్నారు. మిల్లు రావడం ప్రగతి, పోవడమూ ప్రగతి అయితే, ఇక ఆ మాటకు అర్థమేం మిగిలింది? యంత్రాలు మార్చాలా, భూమి అమ్మాలా అన్నవి ఎవరో కూర్చుని తీసుకున్న నిర్ణయాలు. ఏ కాగితం మీదా చరిత్ర సంతకం పెట్టలేదు. ‘తప్పదు’ అన్నామంటే ఆ సంతకాలు చేసినవాళ్లను అడగడం మానేసినట్టే.

చరిత్ర ముందుకే నడుస్తుంది గనక విముక్తి ఎలాగూ వస్తుందన్న నమ్మకం పోరాడేవాళ్లకు ధైర్యమిచ్చింది, ఒప్పుకుంటాను. కానీ ఎలాగూ వచ్చేదాని కోసం ఇవాళే కదలాల్సిన పనేముందన్న ప్రశ్న కూడా ఆ నమ్మకంలోనే ఉంది.

మొన్న ఓరుగల్లులోని కొత్తవాడ వెళ్లాను. పోతుందనుకున్న మగ్గం అక్కడ ఆడుతోంది. ఒక ఇంట్లో దరీ మగ్గం ముందు ఇద్దరు పక్కపక్కన కూర్చున్నారు. ఎర్ర నూలు, నీలి నూలు పడుగులోంచి ఒకరి చేతిలోంచి మరొకరి చేతిలోకి పోతోంది. వరుస పూర్తయినప్పుడల్లా గట్టిగా కొట్టి బిగిస్తున్నారు. 1851 లండన్ మహా ప్రదర్శనకు తివాచీలు పంపిన ఊరిది. ఇక్కడి దరీలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అలాగని మగ్గానికి చావు లేదని నేననను. అదే తప్పును తిరగేసి చెప్పినట్టవుతుంది. సొసైటీలు, సర్కారు ఆర్డర్లు, పొద్దంతా వంగిన వెన్నులు ఉన్నాయి గనక దరీ బతికింది. అవి ఆగితే ఏ సూత్రమూ దాన్ని కాపాడదు.

గీసుగొండ దగ్గర 2017లో మెగా టెక్స్‌టైల్ పార్కుకు శంకుస్థాపన చేసినప్పుడు, సూరత్, భివండి వెళ్లిన మన నేతన్నలు తిరిగొస్తారని చెప్పారు. దరీ నేస్తున్న పెద్దాయన కొడుకూ సూరత్‌లోనే ఉన్నాడు. వస్తాడా అని అడిగాను.

“కూలి గిట్టితె వస్తడు సారూ” అని, ఆయన మళ్లీ పేక బిగించాడు.