పాటపెట్టెకు తీగయు, ఫ్యూజును



పత్తి తీతలైన నాళ్ళలో మన గుంటూరు, ప్రకాశము జిల్లాల పల్లెయిండ్లలో పత్తి వసారాలోనే రాశిపడి యుండును. పాటపెట్టెయు నచ్చటనే యుండును. వేడెక్కిన తీగకు దూది తగిలిన నేమగునో వేఱుగ జెప్పనేల?

ఫ్యూజు పాటకొఱకు గాదు, తీగకొఱకు. మితిమీఱి కరెంటు పాఱినపుడు తాను కరగి తెగి తీగను కాచును. ఇంగ్లండునుండి బిడ్డలు తెచ్చు యంత్రముల ప్లగ్గులో 3 గాని 13 గాని ఆంపియర్ల ఫ్యూజుండును. మన గుండ్రని కాళ్ళ ప్లగ్గులో నుండదు. కావున మన ప్లగ్గు తగిలించిన యింట, గోడనుండి యంత్రమువఱకు గల తీగను కాచునది బోర్డులోని ఫ్యూజో, ఎం.సి.బి.యో మాత్రమే. వెనుకనుండు చిన్న గాజు ఫ్యూజు యంత్రమునకే కావలి.

ఆ గాజు ఫ్యూజు పోయినచో, దానిపైనున్న అంకెయు అక్షరమును చూచి అట్టిదే తెప్పింపవలెను. ‘టి’ యన్నది మెల్లగ తెగునది. ‘ఎఫ్’ యన్నది వెంటనే తెగునది. సిగరెట్టుపెట్టెలోని వెండికాగితము చుట్టి పెట్టువారిని మేమెఱుగుదుము. తెగవలసినపుడు అది తెగదు.

ఇక తీగ. 460 వాట్ల యంత్రము 230 వోల్టులలో లాగునది 2 ఆంపియర్లే. దానికి 6 ఆంపియర్ల ప్లగ్గును, ఐ.ఎస్.ఐ. ముద్రగల 0.75 చదరపు మిల్లీమీటర్ల మూడుపోగుల రాగితీగయు చాలును. వేలు పోసి కొన్న తీగతో త్యాగరాజకీర్తన మఱింత తీయనగునని యంగడివారందురు, మేము నమ్మము. ఆ ధనముతో ఎర్తు సరిచేయించుట మేలు. ప్లగ్గుయొక్క ఎర్తుకాలు విఱుగగొట్టి రెండు రంధ్రముల బోర్డులో దూర్పరాదు.

పత్తిగింజకు ఎలుకలు చేరును. అవి కొఱికిన తీగకు టేపు చుట్టి సరిపెట్టక, మెయిను ఆపి క్రొత్తది వేయింపుడు.